ఫ్రంట్ లాన్ అంతా మచ్చలు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళ ఉత్తరం వచ్చింది. ఈ ఫాల్‌లో ఎక్కడ మొదలెట్టాలి?

మన్రో_కొత్తిల్లు · సెప్టెంబర్ 8, 2024

అందరికీ నమస్కారం. జూన్‌లో న్యూజెర్సీ మన్రోలో ఇల్లు కొన్నాం. కొన్నప్పుడు ఫ్రంట్ యార్డ్ పచ్చగా తివాచీలా ఉండేది. జులై ఎండలకి సగం మాడింది, ఆగస్టులో మిగతా సగంలో ఏవేవో మొలిచాయి. మొన్న హెచ్‌ఓఏ నుంచి ఉత్తరం, 30 రోజుల్లో లాన్ బాగుచేయాలట.

నిన్న చవితి. పత్రిలోకి దూర్వాయుగ్మం దొరకలేదని నేను కంగారు పడుతుంటే మా నాన్న (తెనాలి నుంచి వచ్చి ఉన్నారు) బయటికెళ్ళి రెండు నిమిషాల్లో పళ్ళెం నిండా గరిక కోసుకొచ్చారు. ఎక్కడిది నాన్నా అంటే మన వాకిట్లోదే అన్నారు! సాయంత్రం పక్కింటాయన చూసి, ఇది బెర్ముడా, ఇక్కడ కలుపు, వెంటనే చంపేయండి అన్నాడు. నాన్న మొహం చూడాలి అప్పుడు.

సేల్‌లో ఒక వీడ్ అండ్ ఫీడ్ (కలుపు మందూ ఎరువూ కలిపినది) సంచి, 20 పౌండ్ల గడ్డి విత్తనాల సంచి తెచ్చాను. వచ్చే శనివారం రెండూ ఒకేసారి చల్లేద్దామని ప్లాన్. మావారు ఆఫీసు పని మీద ఊళ్ళు తిరుగుతుంటారు కాబట్టి పనంతా నాదీ నాన్నదీ. ఏమంటారు?

ప్లెయిన్స్‌బొరో_బాబాయ్ · సెప్టెంబర్ 8

అమ్మాయ్, ఆగు! ఆ రెండు సంచులూ గరాజ్‌లోనే ఉంచు.

వీడ్ అండ్ ఫీడ్‌లో ఉండే కలుపు మందుకి నీ విత్తనం ఏదో, కలుపు ఏదో తెలీదు. కొన్ని రకాల్లో మొలకే రాకుండా ఆపే మందు కూడా ఉంటుంది. సంచి వెనక చిన్న అక్షరాల్లో ప్రోడయమీన్ అనో డైథయోపిర్ అనో ఉందేమో చూడు. అవి వేస్తే నెలల తరబడి ఏ గడ్డి విత్తనమూ లేవదు. నేను 2009లో చేసిన ఘనకార్యం ఇదే. వారం తేడాలో రెండూ వేసి, నెలంతా నీళ్ళు పోసి, చివరికి పిచ్చుకలకి అన్నదానం చేశాను.

ఇప్పుడు చెప్పు. ఎంత జాగా? ఎండ ఎంతసేపు? ఆ మాడిన మచ్చల దగ్గర గడ్డిని గుప్పిట్లో పట్టుకుని పైకి లాగితే ఏమవుతోంది?

గడ్డిపరక · సెప్టెంబర్ 8

నార్త్ కరోలినా షార్లెట్ నుంచి. బాబాయ్ చెప్పింది నిజం. పోయినేడాది నేనూ ఆ అన్నదానం చేసినవాణ్ణే. 180 డాలర్లు.

మన్రో_కొత్తిల్లు · సెప్టెంబర్ 9

ఫ్రంట్ సుమారు 3,000 చదరపు అడుగులు, మధ్యాహ్నం దాకా మంచి ఎండ. మెయిల్‌బాక్స్ వైపు మూలలో గడ్డి లాగితే, బాబాయ్, చాప చుట్టినట్టు మొత్తం లేచి వచ్చేసింది! వేరే లేదు. కింద తెల్లగా, లావుగా, అరచంద్రం ఆకారంలో ముడుచుకున్న పురుగులు. నాన్న చూడగానే "వేరుపురుగు, వేరుశనగలో ఇదే పడుద్ది" అన్నారు. స్కేలు పెట్టి అడుగు పొడవు అడుగు వెడల్పు గీసి లెక్కపెట్టాం. 14 ఉన్నాయి. రాత్రుళ్ళు ఏదో జంతువు కూడా తవ్విపోతోంది.

ప్లెయిన్స్‌బొరో_బాబాయ్ · సెప్టెంబర్ 9

మీ నాన్నగారికి నమస్కారం చెప్పు. పట్టేశారు.

అవి గ్రబ్స్. ఎక్కువగా జపనీస్ బీటిల్ పిల్లలు అయ్యుంటాయి. ఆ మహాతల్లి అమెరికాలో మొదటిసారి కనపడింది మన న్యూజెర్సీలోనే, 1916లో, రివర్టన్ దగ్గర ఒక నర్సరీలో. అంటే మనకంటే ముందొచ్చి స్థిరపడింది. పెద్ద పురుగులు జులైలో గులాబీ ఆకులు తింటూ గడ్డిలో గుడ్లు పెడతాయి, పిల్లలు ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా వేళ్ళు తింటాయి. రాత్రి తవ్వేది స్కంకో రకూనో. వాటికిది బఫే.

అడుగుకి నాలుగైదు ఉంటే ఆరోగ్యంగా ఉన్న గడ్డి తట్టుకుంటుంది. పది దాటితే మందు వేయాల్సిందే. కొట్టువాడు ఇచ్చిన సంచి ఏదో వేసెయ్యకు. క్లోరాంట్రానిలిప్రోల్ రకాలు గుడ్లు పెట్టకముందు వేయాలి, అంటే వసంతంలో. ఇప్పుడు పనికొచ్చేది ట్రైక్లోర్‌ఫాన్ లాంటి వెంటనే పనిచేసేది. ఆ మూలకి మాత్రమే వేసి, అర అంగుళం నీళ్ళు పెట్టు. ఆరే దాకా పిల్లల్నీ కుక్కనీ దూరంగా ఉంచు. లేబుల్ మీద ఉన్నదే వేదం.

ఇంకో పని. ఈ వారమే మట్టి పరీక్షకి పంపు. రట్గర్స్ యూనివర్సిటీ ల్యాబ్ చేస్తుంది. పది పన్నెండు చోట్ల నాలుగైదు అంగుళాల లోతు మట్టి తీసి, బకెట్లో కలిపి, అందులోంచి కొంచెం పంపాలి.

ఫ్రిస్కో_అక్క · సెప్టెంబర్ 10

మీ గరిక కథ చదివి నవ్వాగలేదు. మా టెక్సాస్‌లో ఆ గరికనే డబ్బులిచ్చి ట్రక్కుల్లో తెప్పించి పరుచుకుంటాం! ఇక్కడ 100 డిగ్రీల (ఫారెన్‌హీట్) ఎండలో మీ చలి ప్రాంతాల లాన్ గడ్డి ఫెస్క్యూ రెండు రోజులు కూడా బతకదు.

టెక్సాస్ వాళ్ళు ఎవరైనా ఈ చర్చ చదివి విత్తనాలు కొనేసేరు, వద్దు. బెర్ముడాకి ఫాల్‌లో విత్తనం వెయ్యం. సెప్టెంబర్‌లో మట్టి వేడి 70 డిగ్రీలకి దిగుతున్నప్పుడు మొలక ఆపే మందు వేస్తాం. అదే, బాబాయ్ మీకు వద్దన్నదే. చలికాలంలో మొలిచే పోవా అన్యువా అనే కలుపు రాకుండా. నత్రజని ఎరువు ఆపేస్తాం, ఆలస్యంగా వేస్తే లేత చిగురు మంచుకి పోతుంది. సెయింట్ ఆగస్టీన్ గడ్డి ఉన్నవాళ్ళకైతే మరీ, ఫాల్‌లో ఎరువూ తడీ ఎక్కువైతే గుండ్రటి బ్రౌన్ ప్యాచ్ తెగులు. నవంబర్‌లో గోధుమ రంగుకి తిరిగితే చచ్చిందనుకోకండి, నిద్ర.

మన్రో_కొత్తిల్లు · సెప్టెంబర్ 10

అక్కా, మరి మాకిది కలుపు ఎందుకు?

ప్లెయిన్స్‌బొరో_బాబాయ్ · సెప్టెంబర్ 10

ఎందుకంటే అక్టోబర్ చివర నుంచి మే దాకా అది ఎండుగడ్డి రంగులో పడుకుంటుంది. పచ్చటి లాన్ మధ్యలో గోనెసంచి పరిచినట్టు ఉంటుంది. తాళ్ళు పాకి ఫెస్క్యూని మింగేస్తుంది కూడా. తీయాలంటే అది పచ్చగా పెరుగుతున్నప్పుడే గ్లైఫోసేట్ కొట్టాలి, వారం ఆగి విత్తనం. ఒక్కసారితో పోదు. విత్తనం వేసే రోజులు దగ్గర పడ్డాయి కాబట్టి ఈ ఏడు నడిమధ్య ఉన్న రెండు మచ్చలకే కొట్టు. అంచుల్లో ఉన్నదాన్ని ఇప్పటికి వదిలెయ్.

క్రాబ్‌గ్రాస్ అనే కలుపు సంగతి అసలు పట్టించుకోకు. అది ఏడాది మొక్క, మొదటి మంచుకే చస్తుంది.

మన్రో_కొత్తిల్లు · సెప్టెంబర్ 10

నాన్న అంటున్నారు, "మా గట్టు మీద యాభై ఏళ్ళ నుంచి పీకుతున్నా. నీ మందుకి నవ్వుకుంటది." వెనక యార్డులో తుంగ కూడా కనిపెట్టారు. మూడు పలకల కాడ చూపించి, గడ్డ మట్టిలో ఉన్నంత కాలం పైన పీకి లాభం లేదన్నారు.

గడ్డిపరక · సెప్టెంబర్ 11

నట్‌సెడ్జ్‌ని తుంగ అని ఇన్నేళ్ళూ నేను గుర్తుపట్టలేదు. సిగ్గుగా ఉంది.

ఆ 20 పౌండ్ల సంచి లేబుల్ ఫోటో పెట్టండి మేడం. అసలు కథ అక్కడుంటుంది.

మన్రో_కొత్తిల్లు · సెప్టెంబర్ 11

ఫోటో అప్‌లోడ్ కావట్లేదు, చదివి రాస్తున్నా. పెరెన్నియల్ రై 22 శాతం, యాన్యువల్ రై 17, ఫెస్క్యూ 9. కోటింగ్ పదార్థం 50 శాతం! మిగతాది ఇనర్ట్ (మొలవని పదార్థం), ఇతర పంటలు, కలుపు విత్తనాలు.

గడ్డిపరక · సెప్టెంబర్ 11

చూశారా. 20 పౌండ్లలో 10 పౌండ్లు పైపూత. యాన్యువల్ రై ఐదారు రోజుల్లో లేచి మురిపిస్తుంది, వచ్చే వేసవికి ఉండదు. రిటర్న్ చేసేయండి. టాల్ ఫెస్క్యూ రెండు మూడు రకాలు కలిపినది, కలుపు విత్తనం 0.00 అని రాసి ఉన్నది, పరీక్ష తేదీ ఈ ఏడాదిది చూసి కొనండి. ఖరీదు ఎక్కువే, కానీ సంచిలో విత్తనం ఉంటుంది.

ఘట్‌కేసర్_తోట · సెప్టెంబర్ 12

హైదరాబాద్ నుంచి ఒక డౌట్. ఫామ్‌హౌస్‌లో కొరియన్ కార్పెట్ పరిపించాం. వానలు తగ్గాక మేమూ ఇలా పైన విత్తనాలు చల్లాలా?

ఫ్రిస్కో_అక్క · సెప్టెంబర్ 12

వద్దండి. మీది జోయిసియా, మా బెర్ముడాలా వేడికి పెరిగే గడ్డి. అంటే నా పార్టీ, బాబాయ్ పార్టీ కాదు. వానలకి లేచిన కలుపు చేత్తో తీయించి, పల్చగా చివికిన ఎరువూ మట్టీ చల్లండి చాలు. పడ్డ ఖాళీల్లో అదే గడ్డి తాళ్ళు నాటించండి. చలికి పెరుగుదల తగ్గుతుంది, నీళ్ళు కూడా తగ్గించండి.

ప్లెయిన్స్‌బొరో_బాబాయ్ · సెప్టెంబర్ 15

అమ్మాయ్, మాకు ఫెస్క్యూకి మంచి ముహూర్తం ఆగస్టు చివర నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా. పగలు చల్లబడుతుంది, మట్టి ఇంకా వెచ్చగా ఉంటుంది, క్రాబ్‌గ్రాస్ పోటీ పడదు. వసంతంలో వేస్తే వేరు దిగకముందే జులై వచ్చి పడుతుంది. 21 శనివారం పెట్టుకో.

హెచ్‌ఓఏ వాళ్ళకి ఒక ఈమెయిల్ కొట్టు, ఫలానా తేదీన ఎయిరేషన్ (నేలకి రంధ్రాలు పెట్టడం), విత్తనం అని. గడువు సాధారణంగా ఇస్తారు.

మన్రో_కొత్తిల్లు · సెప్టెంబర్ 22

నిన్న అయ్యింది! వివరంగా రాస్తున్నా, నాలాంటి కొత్తవాళ్ళకి పనికొస్తుందని.

గడ్డిని ముందు రోజు రెండు అంగుళాలకి కోసేశాను. ఎయిరేటర్ అద్దెకి తెచ్చాం, నాలుగు గంటలకి. బరువు దున్నపోతంత, మెట్ట దిగుతుంటే నన్నే లాక్కెళ్ళింది. స్ప్రింక్లర్ తలలకి జెండాలు గుచ్చాను, ఒకటి మర్చిపోయాను, దాని తల ఎగిరిపోయింది (కొత్తది 12 డాలర్లు, మార్చడానికి యూట్యూబ్, పది నిమిషాలు). లాన్ అంతా మట్టి ముక్కలు, చిట్టి జంతికలు విరిచి పోసినట్టు. ఊడ్చేయబోతే నాన్న ఆపారు, అవే కరిగి మళ్ళీ ఎరువవుతాయి అని.

విత్తనం 1,000 అడుగులకి 4 పౌండ్లు చొప్పున 12 పౌండ్లు. స్ప్రెడర్ తెరిచి సెట్టింగ్ చదువుతుంటే నాన్న ఆ యంత్రం నాకొద్దన్నారు. బకెట్లో విత్తనానికి రెండింతలు పొడి ఇసుక కలిపారు, ఊళ్ళో నువ్వులకి ఇలాగే కలుపుతారట, గుప్పిట సమంగా పడాలని. పంచె ఎగ్గట్టి, బకెట్ ఎడమ చంకన పెట్టి, అడుగు వేసినప్పుడల్లా కుడి చెయ్యి అరచందమామలా తిప్పుతూ వెద జల్లారు. సగం విత్తనం వీధి వెంబడి, మిగతా సగం దానికి అడ్డంగా. ఎదురింటి పిల్లలు సైకిళ్ళు ఆపి చూశారు. సగం లాన్ నేను స్ప్రెడర్‌తో చేశాను. ఎవరిది సమంగా మొలుస్తుందో పందెం.

స్టార్టర్ ఎరువు (కొత్త విత్తనానికి వేసేది) వేయొచ్చా? దానిలో ఫాస్ఫరస్ ఉంది, న్యూజెర్సీలో నిషేధం అంటున్నారు?

ప్లెయిన్స్‌బొరో_బాబాయ్ · సెప్టెంబర్ 22

పందెం నాన్నగారి మీద నా ఐదు డాలర్లు.

2011లో వచ్చిన చట్టం అది. కాలువలు, చెరువులు, బార్నెగాట్ బే పాచి పట్టిపోతున్నాయని తెచ్చారు. మట్టి పరీక్షలో లోటు తేలితే తప్ప, లేదా కొత్తగా విత్తనం వేస్తే తప్ప ఫాస్ఫరస్ వేయకూడదు. నీది విత్తనం కేసు కాబట్టి ఇప్పుడు వేయొచ్చు. ఇంకోటి గుర్తుపెట్టుకో. నవంబర్ 15 నుంచి మార్చి 1 దాకా ఇంటివాళ్ళు ఏ ఎరువూ వేయకూడదు. కాంక్రీటు మీద పడ్డ గుళికలు ఊడ్చి మళ్ళీ గడ్డిలోకి వెయ్యి, డ్రెయిన్‌లోకి కడగొద్దు.

నీళ్ళు రోజుకి రెండు మూడు సార్లు, ఒక్కోసారి ఏడెనిమిది నిమిషాలు. పైపొర తడిగా ఉండాలి, బురద కాకూడదు. మొలక కనపడ్డాక సార్లు తగ్గించి నిమిషాలు పెంచు.

గడ్డిపరక · సెప్టెంబర్ 29

హెలీన్ తుఫాను వాన. నేను పోయినవారం చల్లిన విత్తనం మొత్తం కొట్టుకుపోయి కిందింటివాళ్ళ డ్రైవ్‌వే అంచున పేరుకుంది. మా రాష్ట్రంలోనే పడమటి కొండల్లో జనం ఇళ్ళూ మనుషుల్నీ పోగొట్టుకున్నారు, గడ్డి గురించి ఏడవడానికి నోరు రావట్లేదు. మళ్ళీ చల్లుతాను, అంతే.

మన్రో_కొత్తిల్లు · అక్టోబర్ 1

మొలిచింది! తొమ్మిదో రోజు నుంచే. పొద్దున ఆరున్నరకి నాన్న పిలిస్తే వెళ్ళాను. నిలబడి చూస్తే ఏమీ లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకి ఆనించినంత వంగి చూస్తే, మట్టి జంతికల రంధ్రాల్లోంచి కుచ్చులు కుచ్చులుగా, సూది కంటే సన్నగా, ఒక్కోదాని మొన మీద ఒక్కో మంచుబొట్టు. నాన్న "నారుమడి" అన్నారు, అంతకు మించి మాట్లాడలేదు.

పందెం: నా వైపు స్ప్రెడర్ చక్రాల గీతలు చారల్లా మొలిచాయి. నాన్న వైపు గీతల్లేవు. బాబాయ్, మీ ఐదు డాలర్లు మీకే.

ఇక్కడ పార్కులో బతుకమ్మ ఎప్పుడో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

మోడరేటర్ · అక్టోబర్ 1

బతుకమ్మ వివరాలకి వేరే చర్చ ఉందండి, అక్కడ అడగండి. ఇది గడ్డికే.

ప్లెయిన్స్‌బొరో_బాబాయ్ · అక్టోబర్ 8

మట్టి రిపోర్ట్ వచ్చిందా?

మన్రో_కొత్తిల్లు · అక్టోబర్ 8

వచ్చింది. పీహెచ్ 5.6. సున్నం వేయమన్నారు.

ప్లెయిన్స్‌బొరో_బాబాయ్ · అక్టోబర్ 8

మన వైపు మట్టి పులుపే. గుళికల సున్నం తెచ్చుకో, పొడి వద్దు, కళ్ళలో పడుతుంది. రిపోర్టులో ఎంత రాశారో అంతే, కానీ ఒక్క దఫాలో 1,000 అడుగులకి 50 పౌండ్లు దాటొద్దు. ఎక్కువ రాస్తే సగం ఇప్పుడు, సగం వసంతంలో. పనిచేయడానికి నెలలు పడుతుంది కాబట్టే ఫాల్‌లో వేసేది.

మన్రో_కొత్తిల్లు · అక్టోబర్ 18

సమస్య. నిన్న రాష్ట్రమంతా డ్రాట్ వాచ్ (కరువు ముందస్తు హెచ్చరిక) ప్రకటించారు. సెప్టెంబర్ చివర నుంచి ఇక్కడ చుక్క పడలేదు. నీళ్ళు పొదుపు చేయమంటున్నారు. నా గడ్డి రెండున్నర అంగుళాలు ఉంది. ఆపేయాలా? నాన్న "నారు పోసినవాడు నీరు పోయడా" అంటున్నారు.

ప్లెయిన్స్‌బొరో_బాబాయ్ · అక్టోబర్ 18

ఈ నెల ఆయన పోయట్లేదమ్మా, వాటర్ కంపెనీ పోస్తోంది, బిల్లు కూడా వేస్తోంది.

నోవై_సోమరి · అక్టోబర్ 18

మిషిగన్ నుంచి. సారీ, కానీ చెప్పాలి. వాన లేని నెలలో అలంకారం కోసం తాగే నీళ్ళు గడ్డికి పోయడం నాకు మింగుడు పడదు. మన ఊళ్ళల్లో బిందెల కోసం క్యూలు కట్టిన ఇళ్ళ నుంచే వచ్చాం కదా అందరం.

ప్లెయిన్స్‌బొరో_బాబాయ్ · అక్టోబర్ 19

సోమరి గారి మాట కాదనను. వాచ్ అంటే ఇంకా నిషేధం కాదు, స్వచ్ఛందంగా తగ్గించమని. మధ్యేమార్గం: రోజువారీ తడి పూర్తిగా ఆపెయ్. వారానికి రెండుసార్లు, తెల్లవారుజామున, లోతుగా. వెనక యార్డుకి ఒక్క చుక్క కూడా వద్దు, అక్కడ విత్తనం లేదు, ఎండినా లేస్తుంది. నేనైతే నా లాన్‌కి ఇవాళ్టి నుంచి ఆపేస్తున్నాను. ముదురు ఫెస్క్యూ తట్టుకుంటుంది. నెలరోజుల పిల్లని మాత్రం ఎండబెట్టలేం.

మన్రో_కొత్తిల్లు · అక్టోబర్ 19

సరే. వారానికి రెండుసార్లు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు నాన్న బకెట్‌లో పట్టి మెయిల్‌బాక్స్ మూలకి పోస్తున్నారు.

ఇంకో ప్రశ్న, ఎదురింటి మేపుల్ ఆకులన్నీ నా లాన్ మీదే. బ్లోయర్ కొనాలా?

నోవై_సోమరి · అక్టోబర్ 20

ఇది నా సబ్జెక్ట్. కొనొద్దు! మా మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఏళ్ళ తరబడి చూసి చెప్పిందే: ఆకుల్ని మోవర్‌తోనే ముక్కలు చేసి గడ్డిలోకి వదిలేస్తే నష్టం లేదు, పైగా కలుపు తగ్గుతుంది. సంచి తీసేసి, బ్లేడు పదును పెట్టించి, ఆకులు బాగా పొడిగా ఉన్నప్పుడు రెండుసార్లు అటూ ఇటూ నడపండి. నాణెం కంటే చిన్న ముక్కలు కావాలి, గడ్డి మొనలు పైకి కనపడాలి. నేను తొమ్మిదేళ్ళుగా ఒక్క ఆకు సంచి కూడా కట్టలేదు. పేరు ఊరికే పెట్టుకోలేదు.

ప్లెయిన్స్‌బొరో_బాబాయ్ · అక్టోబర్ 20

నిజమే, కానీ ఈమెది లేత గడ్డి. మూడున్నర నాలుగు అంగుళాలు వచ్చేదాకా మోవర్ ఎక్కించొద్దు. ఈలోగా ఆకులు తడిసి అతుక్కుంటే కింద గడ్డి కుళ్ళుతుంది. ప్లాస్టిక్ పళ్ళ రేక్‌తో పైపైన, దువ్వెనతో పసిపాప తల దువ్వినట్టు లాగెయ్.

మన్రో_కొత్తిల్లు · నవంబర్ 3

మొదటి కోత అయ్యింది, మూడో వంతు కంటే ఎక్కువ తీయలేదు. ఆ ఉత్తరం వ్యవహారం మూసేశామని హెచ్‌ఓఏ నుంచి మెయిల్. దీపావళికి మాత్రం చిచ్చుబుడ్లు వద్దనుకున్నాం, ఊరంతా ఎండి గలగలలాడుతోంది. పిల్లలు అలిగారు.

ప్లెయిన్స్‌బొరో_బాబాయ్ · నవంబర్ 9

చివరి ఎరువుకి ఇంకా ఆరు రోజులు. కానీ తడి లేకుండా వేస్తే దండగ. వాన రాకపోతే ఈ ఏడు మానెయ్, కొంప మునగదు. స్ప్రింక్లర్ గొట్టాల్లో నీళ్ళు గాలితో ఊదించావా? రాత్రి చలి 20ల (ఫారెన్‌హీట్) లోకి దిగితే ముందు పగిలేది బయట ఉండే ఇత్తడి బ్యాక్‌ఫ్లో వాల్వే. మా వీధిలో ఏటా ఒకరిది పగులుతుంది, పోయినేడాది నాది.

మన్రో_కొత్తిల్లు · నవంబర్ 14

నిన్న డ్రాట్ వాచ్‌ని తర్వాతి మెట్టు, డ్రాట్ వార్నింగ్‌కి పెంచారు. స్ప్రింక్లర్ మొత్తం ఆపేసి నిన్ననే గాలి ఊదించేశాం. ఎరువు వేయలేదు. సంచి గరాజ్‌లో, వీడ్ అండ్ ఫీడ్ పక్కన. ఆ సంచి తిరిగి ఇవ్వడం మర్చిపోయాను.

గడ్డిపరక · నవంబర్ 14

మేం గుర్తుచేయలేదని మా మీద నెట్టకండి. నా రెండో విడత మొలిచింది, అడిగేవాళ్ళు లేరు గానీ.

మన్రో_కొత్తిల్లు · నవంబర్ 21

వాన! రాత్రంతా. నాన్న తెల్లారి నాలుగింటికే లేచి పోర్చ్‌లో స్వెటర్ వేసుకుని కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆదివారం ఆయన ప్రయాణం. మెయిల్‌బాక్స్ పక్కన గజం జాగాలో గరిక అలాగే ఉంది, ఇప్పుడు గోధుమ రంగులో. దానికి మందు కొట్టొద్దని నాతో కాదు, మావారితో చెప్పారు. చుట్టూ నాలుగు రాళ్ళు కూడా పెట్టారు.

హెచ్‌ఓఏ వాళ్ళు రాళ్ళ గురించి ఏమైనా అంటారా?

ప్లెయిన్స్‌బొరో_బాబాయ్ · నవంబర్ 21

అంటే పూలమడి అని చెప్పు.

మోవర్‌లో పెట్రోల్ పూర్తిగా అయిపోయేదాకా నడిపి ఆపావా?

మన్రో_కొత్తిల్లు · నవంబర్ 21

లేదు. అది కూడా చేయాలా?

నోవై_సోమరి · నవంబర్ 21

చేయాలి. లేదంటే పెట్రోల్ పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ పోసి ఐదు నిమిషాలు నడపండి. నేను రెండూ చేయక, ప్రతి ఏప్రిల్‌లో కార్బ్యురేటర్ విప్పుకుంటూ కూర్చుంటాను.